అమ్మానాన్నలతో మహానగరం చూసి రావడం: తక్కువ ఖర్చుతో, కాళ్లకు శ్రమ లేకుండా

పెద్దవాళ్లతో ఊరు చూడ్డానికి వెళ్లేటప్పుడు రెండు పద్దులు రాసుకోవాలి. ఒకటి డబ్బుది, రెండోది అడుగులది. మొదటిది అందరూ రాస్తారు, రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. రెండో రోజు సాయంత్రానికి అమ్మ మోకాళ్లు పట్టేస్తాయి. మూడో రోజుకు కొన్న టికెట్లు వృథా అవుతాయి. ఆఖరికి ప్రతి చోటికీ టాక్సీయే దిక్కవుతుంది. అడుగుల పద్దు తప్పితే డబ్బు పద్దు కూడా తప్పుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో రెండూ పక్కపక్కనే నడుస్తాయి.

మొదటి మెట్టు: ఏం చూడాలో అడగడం (8 నుంచి 10 వారాల ముందు)

"ఎక్కడికి వెళ్దాం?" అని అడిగితే "మీ ఇష్టం" అనే అంటారు. ఆ జవాబుతో ప్రణాళిక వేస్తే అది మీ యాత్రే అవుతుంది, వాళ్లది కాదు. ప్రశ్న మార్చండి: "ఏది చూడకుండా తిరిగొస్తే మనసుకు వెలితిగా ఉంటుంది?" అమ్మను విడిగా, నాన్నను విడిగా అడగండి. ఇద్దరినీ కలిపి అడిగితే ఒకరి కోరిక ఇంకొకరి మాటలో కలిసిపోతుంది. చెరో రెండు చోట్లు తేలితే నాలుగు రోజుల యాత్రకు వెన్నెముక దొరికినట్టే. మిగతావన్నీ వీలైతే చూసేవి.

రెండో మెట్టు: నడక కొలత

బయల్దేరడానికి నెల ముందు, ఒక మామూలు రోజున ఫోన్ జేబులో పెట్టుకుని వాళ్లతో పాటు నడవండి. రెండు అంకెలు రాసుకోండి: రోజంతా కలిపి ఎన్ని అడుగులు వేశారు, ఆగకుండా ఎన్ని నిమిషాలు నడిచాక కూర్చోవాలని చూశారు. కిలోమీటరుకు సుమారు 1,300 నుంచి 1,500 అడుగులు పడతాయి. ఊరు చూసే రోజున మీరు అనుకోకుండానే 15,000 అడుగులు దాటిపోతారు. ఇంట్లో రోజుకు 4,000 అడుగులు వేసేవారికి ఇది నాలుగింతల పని. వాళ్ల మామూలు లెక్కకు ఒకటిన్నర రెట్లు, అంటే 6,000 దగ్గర గీత గీసుకోండి. ఆగకుండా 20 నిమిషాలు నడవగలిగినవారికి 15 నిమిషాలకోసారి కూర్చునే చోటు ఉండాలి.

ఇందులో రెండు మెలికలున్నాయి. మ్యూజియంలో మెల్లగా నడుస్తూ, ఆగుతూ, నిలబడి చూడటం రోడ్డు మీద నడక కన్నా ఎక్కువ అలసట. గట్టి నేల మీద గంట నిలబడితే నడుము పట్టేస్తుంది, అయినా ఫోన్ లెక్కలో అది దాదాపు సున్నా. రెండోది, మోకాళ్ల నొప్పి ఉన్నవారికి మెట్లు ఎక్కడం కన్నా దిగడమే కష్టం. "పైకి లిఫ్ట్ ఉంది, కిందికి మెట్లే కదా" అనుకునే చోట్లే ఎక్కువ ఇబ్బంది.

కొత్త చెప్పులు, బూట్లు కొనాలంటే ఇప్పుడే కొని కనీసం రెండు వారాలు వాడనివ్వండి. యాత్ర కోసం దాచిన కొత్త జత మొదటి రోజే మడమ కొరుకుతుంది.

ఈ నెలలోనే డాక్టరుకు చూపించండి. మందులు యాత్ర రోజులకే కాక మరో ఐదు రోజులకు సరిపడా, అసలు స్ట్రిప్పుల్లోనే తీసుకోండి. అన్నీ చేతి సంచిలోనే ఉండాలి, కార్గోలో వేసే పెట్టెలో కాదు. ఇన్సులిన్‌ను ఎప్పుడూ కార్గోలో వేయకూడదు, గడ్డకడితే పనికిరాదు. ప్రిస్క్రిప్షన్ మీద బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకోండి, వేరే ఊళ్లో ఆ బ్రాండు దొరక్కపోవచ్చు. మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్ర వేసుకునేవారు, తిరిగే రోజుల్లో ఏ వేళకు వేసుకోవాలో డాక్టరునే అడగాలి. సొంతంగా మానేయడం, వేళ మార్చడం వద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే ఉన్న జబ్బులన్నీ ఫారంలో రాయండి. దాచిపెడితే క్లెయిమ్ నిలవదు.

మూడో మెట్టు: వెళ్లే రోజులు

ఖర్చు తగ్గించడంలో అన్నిటికన్నా బలమైన మార్గం తేదీలు. బడి సెలవులు, పండగలు, వరుస సెలవులు తప్పిస్తే ప్రయాణం, గది రెండూ దిగుతాయి, క్యూలు కూడా చిన్నవవుతాయి. రద్దీ కాలం మొదలవ్వడానికి కాస్త ముందు గానీ, అయిపోయిన వెంటనే గానీ వెళ్లడం మేలు. వాతావరణం ఇంకా బాగానే ఉంటుంది, ధరలు దిగి ఉంటాయి. ఆఫీసులున్న ప్రాంతాల్లో హోటళ్లు శని, ఆదివారాలు చవక. చూడదగ్గ స్థలాల చుట్టూ ఉన్నవి పనిదినాల్లో చవక. నాలుగు రాత్రుల్లో రెండు ఒకచోట, రెండు ఇంకోచోట ఉంటే మిగులుతుందని కొందరు లెక్క వేస్తారు. పెద్దవాళ్లతో అది వద్దు. సామాను సర్ది, దింపి, మళ్లీ విప్పేసరికి సగం రోజు పోతుంది.

నాలుగో మెట్టు: డబ్బు పద్దు

మొత్తం బడ్జెట్‌ను 100 వంతులు అనుకోండి. రానుపోను ప్రయాణానికి 30, గదికి 30, తిండికి 15, ఊళ్లో తిరగడానికి 8, టికెట్లకు 5, ముట్టుకోకుండా ఉంచేది 12. దూరాన్ని బట్టి మొదటి రెండు అంకెలు మారతాయి. చివరి 12 మాత్రం మారకూడదు. అకస్మాత్తుగా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సివచ్చినా, రైలు తప్పినా, వాన వల్ల రోజు పాడైనా ఆదుకునేది అదే.

ఊళ్లో తిరిగే 8 వంతుల్లో సగాన్ని ముందే "అలసట డబ్బు" అని విడిగా పెట్టండి. ఇది సాయంత్రం టాక్సీలకు, క్లోక్‌రూంకు, కూర్చోవడానికి ఓ చోట కాఫీ తాగడానికి. ఖర్చయిపోవాల్సిన డబ్బు ఇదని అమ్మానాన్నలకు బయల్దేరే ముందే చెప్పండి. లేకపోతే సాయంత్రం ఆరింటికి మెట్రో దిగువన, ఆగిపోయిన ఎస్కలేటర్ ముందు నిలబడి నాన్న రెయిలింగ్ పట్టుకుంటారు. పైకి నలభై మెట్లు చూసి, "ఈపాటి దానికి టాక్సీ ఎందుకు దండగ, ఎక్కేస్తాలే" అంటారు. ఎక్కుతారు కూడా. మర్నాడు మంచం దిగలేరు. ధర ఎంతో అక్కడికక్కడ చెప్పకండి. వీలైనవన్నీ ముందే చెల్లించేయండి. కట్టేసిన డబ్బు గురించి ఎవరూ మొహమాటపడరు.

ఐదో మెట్టు: గది

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఊరి చివర చవక గది తీసుకుంటే అద్దెలో మిగిలింది రోజూ రాకపోకల్లో పోతుంది. లెక్క ఇలా వేయండి: గది అద్దెకు అందరి రోజువారీ రానుపోను చార్జీ కలపండి. దానికి, మధ్యాహ్నం గదికి వచ్చి పడుకోలేకపోవడం వల్ల అదనంగా పట్టే టాక్సీ, కాఫీల ఖర్చూ కలపండి. ఈ మొత్తం చూస్తే, కొంచెం ఎక్కువ అద్దె ఉన్నా నడుమ ఉన్న గది చాలాసార్లు చవకగా తేలుతుంది. ఒకవైపు నలభై నిమిషాల ప్రయాణం ఉన్న చోటికి మధ్యాహ్నం ఎవరూ తిరిగిరారు, ఆ నిద్ర లేకపోతే సాయంత్రం ఉండదు.

మెట్రో స్టేషన్‌కు 400, 500 మీటర్లలోపు ఉండాలి, ఆ స్టేషన్‌లో రోడ్డు దాకా లిఫ్ట్ ఉండాలి. చాలా పాత మెట్రోల్లో అన్ని స్టేషన్లకూ లిఫ్ట్ లేదు. పారిస్ మెట్రోలో మొత్తం లైనంతా మెట్లు లేకుండా వెళ్లగలిగేది 14వ నంబరు ఒక్కటే. లండన్ మెట్రో (ట్యూబ్ అంటారు)కు మెట్లు లేని స్టేషన్ల మ్యాపు విడిగా ఉంది. మీరు వెళ్లే నగరానికి అలాంటి మ్యాపు దొరికితే ముందు దాన్ని తెరిచి, తర్వాత గది వెతకండి.

బుక్ చేసేముందు హోటల్‌కు ఫోన్ చేయండి. "లిఫ్ట్ ఉందా?" అని అడిగితే "ఉంది" అనే అంటారు. అడగాల్సినవి ఇవి:

- వీధి నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లున్నాయి? (రిసెప్షన్ మొదటి అంతస్తులో ఉండి, లిఫ్ట్ అక్కడి నుంచే మొదలయ్యే చోట్లు చాలా ఉంటాయి.)
- స్నానాల గదిలో టబ్ గట్టు దాటాలా, నేల మీదే షవరా? పట్టుకునే కడ్డీ ఉందా?
- వేడి నీళ్లు రోజంతానా, కొన్ని వేళల్లోనేనా?
- చెకిన్ వేళకు ముందు, చెకౌట్ తర్వాత సామాను ఉంచుకుంటారా?
- గదిలో కెటిల్, చిన్న ఫ్రిజ్ ఉన్నాయా?

ఆన్‌లైన్ అభిప్రాయాలు చదివేటప్పుడు తక్కువ స్టార్లు ఇచ్చినవే ముందు చదవండి. "మెట్లు", "చప్పుడు", "వేడినీళ్లు" అనే మాటలు వెతకండి. రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే గదే తీసుకోండి. పెద్దవాళ్ల ఆరోగ్యం విషయంలో ఆ వెసులుబాటుకు పెట్టే కొంచెం ఎక్కువ ధర దండగ కాదు.

ఆరో మెట్టు: చేరుకోవడం

మధ్యలో మారే చవక టికెట్ కన్నా, కొంచెం ఎక్కువైనా నేరుగా వెళ్లేదే తీసుకోండి. మారే చోట పరుగు, ఎదురుచూపు, సామాను తిప్పలు మొదటి రోజును మింగేస్తాయి. పగటి వెలుతురులో చేరేలా చూసుకోండి.

విమానమైతే వీల్‌చెయిర్ సాయం అడగండి, సాధారణంగా 48 గంటల ముందు చెప్పాలి. చాలా ఎయిర్‌లైన్స్ దీనికి విడిగా డబ్బు తీసుకోవు. "నాకేమైందని కుర్చీ?" అని నాన్న కోప్పడతారు. పెద్ద విమానాశ్రయంలో గేటు దాకా కిలోమీటరు పైనే ఉండవచ్చు. ఆ అడుగులు అక్కడ ఖర్చు చేస్తే ఊళ్లో తిరగడానికి మిగలవని చెప్పండి, ఒప్పుకుంటారు. నాలుగు గంటలు దాటే ఏ ప్రయాణంలోనైనా కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. గంటకో, రెండు గంటలకో లేచి నడిపించండి, కూర్చున్నప్పుడు పాదాలు పైకి కిందికి ఆడించమనండి. పవర్ బ్యాంకు ఎప్పుడూ చేతి సంచిలోనే.

ఏడో మెట్టు: రోజు అల్లిక

మ్యాపులో చూడాలనుకున్నవన్నీ గుర్తుపెట్టి, దగ్గరదగ్గరగా ఉన్నవాటి చుట్టూ వృత్తాలు గీయండి. రోజుకొక వృత్తమే. ఒక రోజులో పట్టేది ఇంతే: ఒక పెద్దది, ఒక చిన్నది, కూర్చుని చూసేది ఒకటి. పెద్దదాన్ని ఉదయం తలుపులు తెరిచే వేళకు చూసేయండి, అప్పుడు రద్దీ తక్కువ, ఒంట్లో ఓపిక ఎక్కువ. మధ్యాహ్నం భోజనం, గదిలో కనీసం గంటన్నర పడక. సాయంత్రం పార్కు, నది ఒడ్డు, దీపాల వెలుగులో ఓ కూడలి, ఇలా బెంచీ ఉన్న చోటు. చేరిన రోజు సగం రోజుగానే లెక్కపెట్టండి. ఐదు రోజులు దాటితే మూడో రోజు ఖాళీగా వదిలేయండి.

సెలవు రోజులు రెండుసార్లు చూసుకోండి. మ్యూజియాలన్నీ సోమవారమే మూసేస్తారనుకోవద్దు. పారిస్‌లో లూవ్ర్‌కు మంగళవారం సెలవు, అదే ఊళ్లోని ఓర్సే మ్యూజియానికి సోమవారం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి బుధవారం.

ఎత్తైన చోట్ల దగ్గర మెట్ల సంఖ్య తెలుసుకోకుండా టికెట్ కొనకండి. లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్ గుమ్మటం పైదాకా 528 మెట్లు. రోమ్ నడుమనున్న వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటానికి 551, లిఫ్ట్ టికెట్ కొన్నా ఇంకా 320 ఎక్కాలి. "లిఫ్ట్ ఉంది" అన్న ఒక్క మాట నమ్మి మధ్యలో ఇరుక్కునేది ఇలాంటి చోటే. అక్కడ వెనక్కి తిరగడానికి దారి ఉండదు, ఎక్కేదారి వేరు, దిగేదారి వేరు. అలాంటిచోట కింద నుంచి గుమ్మటాన్ని చూసి, ఎత్తు నుంచి ఊరు చూడటానికి పూర్తిగా లిఫ్ట్ ఉన్న ఇంకో కట్టడం వెతకండి.

ఎనిమిదో మెట్టు: టికెట్లు, పాసులు

మొదట ఉచితంగా చూడదగ్గవి ఏరండి. లండన్ బ్రిటిష్ మ్యూజియం శాశ్వత ప్రదర్శనలకు, వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియాలకు ప్రవేశ రుసుము లేదు. న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ ఎక్కితే పైసా ఇవ్వకుండా స్వేచ్ఛా ప్రతిమను (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీని) నీళ్ల మీంచి, కూర్చుని చూడొచ్చు. ఇలాంటి మామూలు పడవలు, ట్రాములు, నగరం నడుమ నుంచి పోయే బస్సు రూట్లు చాలా పెద్ద ఊళ్లలో ఉంటాయి. టూరిస్టు బస్సు టికెట్‌లో చిన్న భాగానికే అవే వీధులు చూపిస్తాయి.

మామూలుగా డబ్బు తీసుకునే చోటు నెలకోసారి ఉచితమైతే, ఆ రోజు మాత్రం పెద్దవాళ్లతో వెళ్లకండి. క్యూ గంట దాటితే మిగిలిన టికెట్ డబ్బు సాయంత్రం టాక్సీకే పోతుంది. దానికి బదులు వయసు రాయితీ అడగండి. కొన్నిచోట్ల 60, కొన్నిచోట్ల 65 నుంచి ఉంటుంది. కొన్ని ఆ దేశ పౌరులకే పరిమితం. పుట్టిన తేదీ ఉన్న అసలు గుర్తింపు కార్డు చూపించాలి, ఫోన్‌లో ఫొటో చెల్లకపోవచ్చు.

సిటీ పాసుల (ఒకసారి కొంటే ఊళ్లో చాలా చోట్లు చూడనిచ్చే టికెట్ల) గురించి కాస్త వివరంగా చెప్పాలి, చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. మూడు రోజుల పాసు 60 యూనిట్లు, ఒక్కో టికెట్ 10 యూనిట్లు అనుకోండి. రోజుకు నాలుగు చూస్తే 12 టికెట్లు, అంటే 120 విలువ, సగానికి సగం మిగులు. పాసు ప్రకటన వేసే లెక్క ఇది. పెద్దవాళ్లతో రోజుకు డబ్బు కట్టి చూసేవి రెండే. మూడు రోజులకు ఆరు టికెట్లు, 60. లాభం లేదు, నష్టం లేదు. అమ్మానాన్నలకు సగం రాయితీ ఉంటే ఒక్కొక్కరికి 30 చాలు, పాసు రెట్టింపు ఖర్చవుతుంది. పైగా పాసు కొన్నాక "కట్టాం కదా, ఇంకొకటి చూసేద్దాం" అని లాగుతారు. రాకపోకల పాసును, చూడాల్సినవాటి పాసును విడివిడిగా లెక్కించండి. రాకపోకలది చాలాసార్లు లాభమే. రోజుకు ఇంతకు మించి చార్జీ తీసుకోని గరిష్ఠ పరిమితి ఉన్న ఊళ్లలో అయితే అదీ అక్కర్లేదు.

తొమ్మిదో మెట్టు: ఊళ్లో తిరగడం

ఉదయం మెట్రో, మధ్యాహ్నం బస్సు, సాయంత్రం తిరుగు ప్రయాణం టాక్సీ. ఈ వరస చాలా రోజులకు సరిపోతుంది. నలుగురు ఉన్నప్పుడు నాలుగు మెట్రో టికెట్లకూ ఒక టాక్సీకీ తేడా ఎంతో ప్రతిసారీ చూడండి, దగ్గరి దూరాలకు తేడా పెద్దగా ఉండదు. మెట్రో మారే స్టేషన్లలో ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకోదానికి పది నిమిషాల నడక ఉండొచ్చు. యాప్ చూపించే "తక్కువ సమయం" దారి కన్నా "తక్కువ నడక" దారి ఎంచుకోండి. బస్సు ఎక్కితే మొదటి స్టాపులోనే ఎక్కండి, సీటు దొరుకుతుంది. ఆఫీసు వేళల్లో ఏదీ వద్దు.

తప్పిపోతే ఏం చేయాలో మొదటి రోజే ఖాయం చేసుకోండి: ప్లాట్‌ఫాం మీద మిగిలిపోయినవాళ్లు కదలకూడదు. రైలు ఎక్కేసినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి రావాలి. ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కుంటూ వెళితే గంటలు పడుతుంది. హోటల్ పేరు, చిరునామా అక్కడి లిపిలో, మీ నంబరు, వాళ్లకున్న జబ్బులు, మందులు రాసిన చిన్న చీటీ ఇద్దరి జేబుల్లోనూ ఉండాలి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఆ చీటీ పనిచేస్తుంది.

పదో మెట్టు: తిండి, నీళ్లు, టాయిలెట్

ఈ మూడింటిలో టాయిలెట్ ముందు. బయట టాయిలెట్ దొరకదేమోనన్న భయంతో పెద్దవాళ్లు, ముఖ్యంగా అమ్మ, ఉదయం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఎవరితోనూ చెప్పరు. మధ్యాహ్నానికి తల తిరుగుతుంది, కాళ్లు పట్టేస్తాయి. బీపీ మందు వేసుకునేవాళ్లు లేచి నిలబడగానే తూలిపోతారు. దాన్ని ఎండ దెబ్బ అనుకుంటారు. కాబట్టి రోజు పథకంలో గంటన్నరకో టాయిలెట్ గుర్తించి, ఉదయమే ఆ జాబితా చెప్పండి: "పదింటికి మ్యూజియంలో ఉంది, పదకొండున్నరకు స్టేషన్‌లో ఉంది." ఆ భరోసా ఉంటేనే నీళ్లు తాగుతారు. పెద్ద దుకాణాలు, గ్రంథాలయాలు, రైల్వే స్టేషన్లు నమ్మకమైన చోట్లు. డబ్బు తీసుకునేవాటి కోసం చిల్లర ఉంచుకోండి.

చాలా ఊళ్లలో అదే హోటల్ మధ్యాహ్నం భోజనం రాత్రి కన్నా చవక. అందుకని మధ్యాహ్నం పూర్తి భోజనం, రాత్రి గదిలో తేలికగా ఏదైనా. పేరున్న కట్టడం గేటు ఎదురుగా తినకండి, రెండు వీధులు లోపలికి వెళ్లండి. అయితే ఆ రెండు వీధులూ ఆకలితో వెతుకుతూ నడిపించకూడదు, చోటు ముందు రాత్రే మ్యాపులో చూసి ఉంచండి. షుగర్ ఉన్నవారి తిండి వేళ గంట కూడా జరగకూడదు. సంచిలో ఏదో ఒకటి ఎప్పుడూ ఉండాలి.

దారిలో కనిపెట్టాల్సినవి

"అలసిపోయావా?" అని అడిగితే లేదనే అంటారు. మాట తగ్గడం, ప్రతి గట్టు దగ్గరా ఆగడం, "మీరు చూసి రండి, నేనిక్కడ కూర్చుంటా" అనడం, ఇవే అసలు జవాబులు. అప్పుడు "నాకు కాళ్లు లాగుతున్నాయి, కాసేపు కూర్చుందాం" అని మీరే కూలబడండి. ఊపిరి ఆడకపోవడం, గుండెల్లో బరువు, ఒక కాలు మాత్రమే వాయడం, మాట తడబడటం కనిపిస్తే ఆ రోజు పథకం ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దగ్గరి ఆసుపత్రి ఎక్కడుందో, అక్కడి అత్యవసర నంబరు ఏమిటో మొదటి రాత్రే రాసి పెట్టుకోండి.

చాలా పెద్ద మ్యూజియాలు వీల్‌చెయిర్ ఉచితంగా ఇస్తాయి, గుర్తింపు కార్డు అడగొచ్చు. "కుర్చీ నీకు కాదమ్మా, సంచులు పెట్టుకోవడానికి" అని తెచ్చిపెట్టండి. గంట తర్వాత ఆమే కూర్చుంటుంది.

ఆఖరి రోజు కొత్త చోటేదీ పెట్టకండి. సామాను హోటల్లో వదిలి, మొదటి రోజు అమ్మానాన్నలకు నచ్చిన బెంచీ దగ్గరికే మళ్లీ వెళ్లండి. చేతి సంచిలో ఆ రోజు మందులు, ఒక జత బట్టలు, నీళ్ల సీసా ఉన్నాయో లేదో చూసుకుని, స్టేషన్‌కో విమానాశ్రయానికో మీరు అనుకున్నదాని కన్నా గంట ముందే బయల్దేరండి.